మెయిన్ ఆపినా మిద్దె మీద కరెంటు ఉంటుంది

పీఎం సూర్యఘర్ లబ్ధిదారుల కోసం
(సచివాలయం ఆవరణలో జరిగిన అవగాహన సమావేశంలో అగ్నిమాపక కేంద్రం అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం. ఫోన్‌లో దాచుకోండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.)

 

ఇప్పటిదాకా కరెంటు శాఖ వాళ్లు మాట్లాడారు. సోలార్ పెట్టుకుంటే బిల్లు ఎంత తగ్గుతుందో, రాయితీ ఎప్పుడు ఖాతాలో పడుతుందో చెప్పారు. మీరు కూడా శ్రద్ధగా విన్నారు. ఫైర్ స్టేషన్ నుంచి వచ్చిన ఈయనకు ఇక్కడేం పని అని కొందరికి అనిపించి ఉంటుంది. మాకూ పని ఉంది. మీ ఇంట్లో మంట లేస్తే మిద్దె ఎక్కేది మా పిల్లలే. మీ మిద్దె మీద ఏముందో, ఎక్కడుందో మాకు తెలియాలి. అది అడగడానికే వచ్చాను.

ముందుగా ఒక మాట. సోలార్ పెట్టుకోవద్దని చెప్పడానికి నేను రాలేదు. మా ఇంటి మీద కూడా ఉంది. సరిగ్గా బిగించిన సోలార్ దానంతటది ఇల్లు తగలబెట్టదు. వంటగది నుంచో, ఫ్రిజ్ వెనక ప్లగ్గు నుంచో, దేవుడి గదిలో దీపం నుంచో, పక్కింటి గడ్డివాము నుంచో మంట రావచ్చు. అలా వచ్చినప్పుడు మిద్దె మీద సోలార్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి మా పని మారిపోతుంది.

పథకం గురించి రెండు మాటలు

మీకు తెలిసిందే, అయినా కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నాను. పీఎం సూర్యఘర్ ఉచిత విద్యుత్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దేశంలో కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టాలన్నది లక్ష్యం. కేంద్రం ఇచ్చే రాయితీ కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున 2 కిలోవాట్ల వరకు ఉంటుంది. మూడో కిలోవాట్‌కు 18,000. మొత్తం కలిపి 78,000 రూపాయలకు మించదు. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా బిగించే ఏర్పాటు ఉంది. బీసీ కుటుంబాలకు కేంద్ర రాయితీకి తోడు రాష్ట్రం మరో 20,000 రూపాయల వరకు కలుపుతోంది.

అంటే ఇప్పటిదాకా పెద్ద బంగళాల మీద, కాలేజీల మీద కనిపించిన పలకలు ఇక కాలనీ ఇళ్ల మీదకు, రెండు గదుల మిద్దెల మీదకు వస్తున్నాయి. పక్కపక్కనే గోడలు కలిసిన ఇళ్లు, సన్న మెట్లు, పైన చిన్న రేకుల గది. మేము పనిచేయాల్సింది అలాంటి చోట. అందుకే ఈ మాటలు ముందే చెప్పుకోవాలి.

ఒక మధ్యాహ్నం జరిగింది

నేను ఇంతకు ముందు పనిచేసిన చోట, ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు దాటింది. ఒక మిద్దె మీద రేకుల గది అంటుకుందని ఫోన్ వచ్చింది. పది నిమిషాల్లో చేరుకున్నాం. గదిలో పాత పరుపులు, అట్టపెట్టెలు, గోనెసంచులు ఉన్నాయి. పొగ దట్టంగా కమ్మింది. మేము వెళ్లేసరికే లైన్‌మన్ స్తంభం దగ్గర ఫ్యూజు తీసేశాడు. ఇంటాయన మీటరు బోర్డులో మెయిన్ కూడా ఆపాడు. "కరెంటు మొత్తం తీసేశాం సార్, మీరు పైకెళ్లొచ్చు" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు తెలిసిన కరెంటు మొత్తం తీసేశారు.

మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి ఒకడు ఉన్నాడు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. నిచ్చెన ఎక్కాడు. పిట్టగోడ మీద ఒక ప్లాస్టిక్ పైపు వేడికి కరిగి వంగిపోయి, లోపలి తీగలు బయటకు కనిపిస్తున్నాయి. దారికి అడ్డంగా ఉందని దాన్ని చేత్తో పక్కకు జరపబోయాడు. చేతికి తొడుగు ఉంది కానీ అప్పటికే నీళ్లకు తడిసిపోయింది.

కింద నుంచి ఒక పాప అరిచింది. తొమ్మిదో తరగతి చదువుతోందట. "అన్నా, ఆ పైపు ముట్టుకోవద్దు, అది సోలార్ పైపు, ఎండ ఉంటే అందులో కరెంటు ఉంటుంది" అంది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సోలార్ బిగించిన రోజు ఆ పాప ఇంట్లో ఉంది. బిగించినాయన నాన్నకు చెప్తుంటే పక్కన నిలబడి వింది. నాన్న మర్చిపోయాడు, పాపకు గుర్తుంది. స్విచ్ ఎక్కడుందో కూడా పాపే చూపించింది. మెట్ల కింద, బియ్యం బస్తాల వెనకాల ఉంది. బస్తాలు జరిపి ఆపాం. ఆపాక కూడా మావాడిని ఆ పైపు ముట్టనివ్వలేదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఈ రోజు మీరు ఇంటికి తీసుకెళ్లాల్సిన మాట అదే.

స్విచ్ ఆపితే కరెంటు ఎందుకు పోదు

మామూలు కరెంటు స్తంభం నుంచి వస్తుంది. స్తంభం దగ్గర తీసేస్తే ఇల్లంతా చీకటి. మోటారు స్టార్టరైనా, టీవీ అయినా అంతే. మనకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు అది. మెయిన్ ఆపామంటే భయం లేదనుకుంటాం.

సోలార్ పలక అలా కాదు. దాని మీద ఎండ పడితే అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. దానికి బటన్ లేదు. స్తంభంతో, మెయిన్‌తో దానికి సంబంధం లేదు. దాన్ని ఆపాలంటే సూర్యుణ్ణి ఆపాలి.

పలకల నుంచి తీగలు కిందికి దిగుతాయి. మధ్యలో ఒక చిన్న పెట్టె ఉంటుంది, దాన్ని డీసీ బాక్స్ అంటారు. తర్వాత ఇన్వర్టర్. పలకల్లో పుట్టేది డీసీ కరెంటు. ఇన్వర్టర్ దాన్ని మన ఫ్యాన్లకు, లైట్లకు పనికొచ్చే ఏసీ కరెంటుగా మారుస్తుంది. అక్కడి నుంచి ఏసీ బాక్స్, తర్వాత మీటరు, ఆ తర్వాత స్తంభం.

స్తంభం దగ్గర కరెంటు పోయిందనుకోండి, ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అలా ఆగకపోతే మీ ఇంటి కరెంటు వెనక్కి వెళ్లి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు కొడుతుంది. ఆయన కోసం పెట్టిన కట్టుదిట్టం అది. మంచిదే. కానీ ఇన్వర్టర్ ఆగినా పలకల నుంచి ఇన్వర్టర్ దాకా ఉన్న తీగల్లో కరెంటు అలాగే నిలబడి ఉంటుంది. లైన్‌మన్‌కు భయం పోయింది, మిద్దె ఎక్కే ఫైర్‌మన్‌కు పోలేదు.

డీసీ స్విచ్ ఆపితే? ఆ స్విచ్‌కు కింద ఉన్న తీగలో కరెంటు ఆగుతుంది. స్విచ్ నుంచి పైన పలకల దాకా ఉన్న తీగలో ఆగదు. ట్యాంకు కింద కుళాయి కట్టేస్తే కుళాయిలో నీళ్లు రావు, ట్యాంకు నుంచి కుళాయి దాకా ఉన్న పైపు నిండుగానే ఉంటుంది. ఇదీ అంతే. అందుకే స్విచ్ ఆపిన తర్వాత కూడా ఆ పాప ఇంటి మీద పైపును మేము ముట్టుకోలేదు.

ఎంత కరెంటు ఉంటుంది

ఇప్పుడు ఇళ్ల మీద పెడుతున్న పెద్ద పలకల్లో 540 వాట్లవి ఉన్నాయి. అలాంటి పలక ఒక్కటే తీసుకుంటే దాదాపు 50 వోల్టులు. కానీ వాటిని గొలుసులా ఒకదానికొకటి కలుపుతారు. నాలుగు పలకలు కలిపితే 2 కిలోవాట్లు, దాదాపు 200 వోల్టులు. ఆరు కలిపితే 3 కిలోవాట్లు, దాదాపు 300 వోల్టులు. మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230. అంటే చిన్న ఇంటి మీద ఉన్న సోలార్ కూడా ప్రాణం తీయగలదు. ఫ్యాక్టరీల మీద, గోదాముల మీద అది 1000 వోల్టుల దాకా ఉంటుంది.

ఇంకో రెండు తేడాలు ఉన్నాయి. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వచ్చి మళ్లీ లేస్తుంది. అందుకే ఎక్కడైనా తీగ తెగి మెరుపు లేస్తే చాలాసార్లు అది తనంతట తాను ఆరిపోతుంది. డీసీ కరెంటు సున్నాకి రాదు. ఒకసారి మెరుపు పట్టుకుంటే వెల్డింగ్ చేసినట్టు మండుతూనే ఉంటుంది.

రెండోది ఫ్యూజు సంగతి. ఇంట్లో తీగలు కలిసిపోతే పెద్ద కరెంటు పారి ఫ్యూజు ఎగిరిపోతుంది, ఎంసీబీ పడిపోతుంది. సోలార్ పలకల తీగలు కలిసినా మామూలుగా పారే కరెంటు కన్నా కొంచెమే ఎక్కువ పారుతుంది. ఫ్యూజుకు అది తప్పుగా తెలియదు. కాబట్టి "ఏదైనా అయితే ఫ్యూజు కొట్టేస్తుందిలే" అని నమ్ముకోవడానికి లేదు.

రాత్రయితే భయం లేదా

చాలామంది ఇది అడుగుతారు. రాత్రి చీకట్లో పలకలు నిద్రపోతాయి, నిజమే. కానీ మేము వచ్చి పెద్ద ఫ్లడ్ లైట్లు వేస్తాం. అమెరికాలో అండర్ రైటర్స్ లేబొరేటరీస్ అనే సంస్థ ఫైర్‌మన్ల భద్రత కోసం ఇవన్నీ పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చింది. ఆ లైట్ల వెలుగుకే కాదు, మంటల వెలుగుకు కూడా పలకలు ప్రమాదం అనిపించేంత కరెంటు పుట్టించగలవని అందులో తేలింది. కాలిపోయి, పగిలిపోయిన పలకలు కూడా కరెంటు ఇస్తూనే ఉండొచ్చని తేలింది. తడిసిన, మాసిన చేతి తొడుగులు, బూట్లు షాక్ నుంచి అంతగా కాపాడవని కూడా తేలింది.

నీళ్లు కొట్టడం గురించి కూడా చూశారు. తుంపరగా కొడితే ధార ముక్కలు ముక్కలుగా పడుతుంది, దాని వెంట కరెంటు వెనక్కి రావడం కష్టం. గట్టి ధారగా కొడితే వస్తుంది. 1000 వోల్టుల దాకా ఉన్నచోట గట్టి ధారకు కనీసం 20 అడుగుల దూరం ఉండాలని, వెడల్పు తుంపరకు కనీసం 5 అడుగులు ఉండాలని ఆ పరీక్షల్లో తేల్చారు. ఉప్పు నీళ్లయితే ఇంకా జాగ్రత్త. మన తీరప్రాంతంలో బోరు నీళ్లు ఎలా ఉంటాయో మీకే తెలుసు.

కాబట్టి మేము దూరంగా నిలబడి నీళ్లు కొడుతుంటే "వీళ్లు భయపడుతున్నారు, దగ్గరికి పోవట్లేదు" అని దయచేసి అనుకోవద్దు. మీరు బకెట్లతో పైకెక్కొద్దు. మీ చేతిలో బకెట్ నీళ్లు ఆ దూరం పోవు.

పలకలు అంత అడ్డమా అంటే, అవును. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో డెలాంకో అనే ఊళ్లో 2013 సెప్టెంబరులో ఒక పెద్ద గోదాము అంటుకుంది. పైకప్పు మీద 7,000కు పైగా సోలార్ పలకలు ఉన్నాయి. మామూలుగా అయితే పైకెక్కి కప్పు కోసి లోపలి పొగను, వేడిని బయటకు వదులుతారు. అంత కరెంటు మధ్య ఎక్కనివ్వలేక సిబ్బందిని పైకి పంపలేదు. గోదాము దక్కలేదు. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడి కరెంటు నియమాలు ఇంకా బిగించారు. ఇంటి మీద సోలార్ ఉంటే కింద ఒక స్విచ్ నొక్కగానే, పలకల గుంపు దాటి వచ్చే తీగల్లో 30 సెకన్లలోపు కరెంటు 30 వోల్టులకు పడిపోవాలని పెట్టారు.

మన చిన్న ఇళ్ల మీద చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఉంటే బిగించేవాళ్లను అడగండి. ఖర్చు కొంత పెరుగుతుంది. లేకపోయినా ఫర్వాలేదు, మనిషి జాగ్రత్తతో చాలావరకు గండం తప్పించొచ్చు.

ఇప్పుడే చేసుకోవాల్సిన పనులు

ఒకటి. ఈ రోజు ఇంటికెళ్లగానే డీసీ స్విచ్ ఎక్కడుందో చూడండి. ఏసీ బాక్స్ ఎక్కడుందో చూడండి. ఇంట్లో ప్రతి ఒక్కరికీ చూపించండి. ముసలమ్మకు, కోడలికి, పదేళ్లు దాటిన పిల్లలకు కూడా. ఇంటి పెద్ద ఒక్కడికే తెలిస్తే, ఆయన పొలంలో ఉన్నప్పుడు మంట వస్తే ఎవరు చెప్తారు? అద్దెకున్నవాళ్లు ఉంటే వాళ్లకూ చూపించండి.

రెండు. ఆ స్విచ్ ముందు బస్తాలు, బీరువా, సైకిల్, ఎండుకట్టెలు పెట్టొద్దు. మనిషి నిలబడి చెయ్యి పెట్టేంత ఖాళీ ఉంచండి.

మూడు. గుమ్మం దగ్గర, మీటరు బోర్డు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించండి: "ఈ ఇంటి మీద సోలార్ ఉంది. డీసీ స్విచ్ మెట్ల కింద ఉంది." మీ స్విచ్ ఎక్కడుంటే అక్కడి పేరు రాయండి. పెయింటు డబ్బా ఒకటి చాలు, వాడకట్టు మొత్తానికి సరిపోతుంది. పొగలో రాత్రిపూట టార్చి వేసుకుని వచ్చేవాడు చదవగలిగేలా రాయండి.

నాలుగు. పలకలకు, పిట్టగోడకు మధ్య మనిషి నడిచే దారి వదిలించండి. మూడు అడుగులు ఉంటే మంచిది. మెట్ల తలుపు తీయగానే పలక తగిలేలా బిగిస్తుంటే ఒప్పుకోవద్దు. తర్వాత మార్పించాలంటే ఖర్చు, ఇప్పుడైతే ఒక మాట.

ఐదు. పలకల కింద నీడగా ఉంది కదా అని ఎండుకొబ్బరి మట్టలు, పిడకలు, పాత పరుపులు, పెయింటు డబ్బాలు, పెట్రోలు సీసాలు పెట్టొద్దు. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. పలక కింద ఎండాకులు చేరితే ఊడ్చేయండి.

ఆరు. తీగలు నేల మీద వేలాడుతున్నాయా, ఎలుకలు, ఉడతలు కొరికాయా, కోతులు లాగాయా అని నెలకోసారి కంటితో చూడండి. చేత్తో కాదు. కనెక్టర్ దగ్గర నల్లగా మాడినట్టున్నా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, ఇన్వర్టర్ మీద ఎర్రలైటు వెలిగినా బిగించినవాళ్లకు ఫోన్ చేయండి. ఈ పథకంలో బిగించిన సంస్థ ఐదేళ్లు మరమ్మతు బాధ్యత చూడాలి. అడగడం మీ హక్కు. పలకలు కలిపే కనెక్టర్లను ఎండలో లాగి విడదీయొద్దు. లాగితే అక్కడే మెరుపు లేస్తుంది. ఊళ్లో మోటార్లు బాగుచేసే అబ్బాయి ఎంత నేర్పరి అయినా ఈ పని అతనికి ఇవ్వొద్దు.

ఏడు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో అడగండి. పలకల చట్రానికి, ఇన్వర్టర్‌కు, పిడుగు కడ్డీకి వేటికవి వేరుగా ఎర్త్ ఉండాలి. ఒకే గుంతలో మూడూ కలిపితే ఊరుకోవద్దు.

మంట వచ్చిన రోజు

వరుస గుర్తు పెట్టుకోండి.

మొదట మనుషులు. ముసలివాళ్లు, పిల్లలు, పశువులు బయటకు రావాలి. సామాన్లు తర్వాత.

రెండోది ఫోన్. 101 గానీ 112 గానీ. మంట ఎక్కడ, ఊరు, వీధి, గుర్తు చెప్పండి. ఆ వెంటనే "మిద్దె మీద సోలార్ ఉంది" అని చెప్పండి. ఈ నాలుగు మాటలు చెప్తే మేము బండి ఎక్కేటప్పుడే సిద్ధమవుతాం. కరెంటు ఆఫీసుకు 1912కు కూడా చెప్పండి.

మూడోది స్విచ్‌లు. పొగ లేకుండా, మంట దూరంగా ఉండి, చేతులు పొడిగా ఉంటేనే. ముందు ఏసీ, తర్వాత డీసీ. ఈ వరుస మార్చొద్దు. ఏసీ ముందు ఆపితే ఇన్వర్టర్ పని ఆగుతుంది, అప్పుడు డీసీ స్విచ్‌లో మెరుపు లేవదు. ఆపిన తర్వాత కూడా ఇన్వర్టర్ లోపల కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. దాని మూత తీయొద్దు. స్విచ్ దగ్గరికి పోలేకపోతే వదిలేయండి, మాకు చోటు చూపించండి, చాలు.

నాలుగోది, మేము రాగానే ఒకరు ముందుకొచ్చి మాతో మాట్లాడండి. పది మంది ఒకేసారి అరిస్తే ఏదీ వినపడదు. సోలార్ ఉంది, ఇన్ని పలకలు, తీగ ఈ గోడ మీదుగా దిగింది, స్విచ్ ఇక్కడుంది, ఆపాం లేదా ఆపలేదు. బ్యాటరీ ఉంటే అదీ చెప్పండి. ఇంతే.

చల్లారిన తర్వాత

మంట ఆరింది కదా అని పలకలు ఎత్తడానికి, ఇనుము అమ్ముకోవడానికి వెంటనే పైకి పోవద్దు. రాత్రి ఆరిన మంటకు పొద్దున్నే ఎండ వస్తుంది. పగిలిన పలక మళ్లీ కరెంటు ఇస్తుంది. కాలిన తీగల మధ్య మళ్లీ మెరుపు లేచి తిరిగి అంటుకోవచ్చు. బిగించిన సంస్థ మనిషి వచ్చి పలకలను విడదీసేదాకా మిద్దె తలుపుకు తాళం వేయండి. పిల్లల్ని పోనివ్వొద్దు.

సభలో అడిగినవి

ఒక అమ్మ అడిగింది: "పలకల మీద పట్టా కప్పేస్తే కరెంటు ఆగదా బాబూ?"
వెలుతురు చొరబడని మందపాటి నల్ల పట్టా అయితే చాలావరకు ఆగుతుందమ్మా. కానీ పట్టా ఎత్తి చూస్తే అవతలి వెలుతురు కనిపించిందంటే అది పనికిరాదు. మన ధాన్యం మీద కప్పే పల్చటి నీలం పట్టాను నమ్ముకోవద్దు. పైగా మంట ఉన్నప్పుడు కప్పడానికి మీరు పైకి పోకూడదు. అవసరమైతే ఆ పని మేము చూసుకుంటాం.

ఒక పెద్దాయన: "మా ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది, సోలార్ ఇన్వర్టర్ కూడా ఉంది. రెండూ ఒకటేనా?"
రెండూ వేరండి. కరెంటు పోతే ఫ్యాను తిప్పేది బ్యాటరీ ఇన్వర్టర్. పలకల కరెంటును మార్చేది సోలార్ ఇన్వర్టర్. మంటప్పుడు రెండింటి గురించీ మాకు చెప్పాలి. బ్యాటరీ పొగ పీలిస్తే ప్రమాదం. ఆ గదిలోకి మీరు పోవద్దు.

ఒక తమ్ముడు: "వానకు ఇంట్లోకి నీళ్లొచ్చి ఇన్వర్టర్ మునిగితే?"
నీళ్లలో దిగి స్విచ్ దగ్గరికి పోవద్దు. పోలవరం కింద ఊళ్లైనా, కృష్ణ ఒడ్డు లంకలైనా, వరద వచ్చే చోట ఇన్వర్టర్‌ను, డీసీ బాక్స్‌ను ముందే ఎత్తులో పెట్టించుకోండి. మునిగిన ఇన్వర్టర్‌ను ఆరబెట్టి మీరే వేయొద్దు. సంస్థకు గానీ, పథకం హెల్ప్‌లైన్ 15555కు గానీ ఫోన్ చేయండి.

ఒక అక్క: "ఇన్ని భయాలుంటే ఎందుకు పెట్టుకోవడం సార్?"
గ్యాస్ బండ వచ్చిన కొత్తలో కూడా ఇదే మాట అన్నారక్కా. రెగ్యులేటర్ ఎలా తిప్పాలో, రాత్రి పడుకునే ముందు ఎలా కట్టేయాలో మన ఆడవాళ్లు నేర్చుకున్నారు. ఇప్పుడు పొయ్యి పొగ తగ్గింది. సోలార్ కూడా అంతే. దాని అలవాటు దానికి నేర్చుకోవాలి.

చివరగా

ఆ పాప ఆ రోజు అరవకపోయి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆ అబ్బాయి ఇప్పటికీ మా శాఖలోనే ఉన్నాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నిచ్చెన మీద పాఠం వాడే చెప్తున్నాడు. ఏ ఇంటికి పోయినా మొదట అడిగే మాట "మిద్దె మీద సోలార్ ఉందా అమ్మా?" అని.

ఆ ప్రశ్నకు మీ ఇంట్లో ఎవరున్నా సమాధానం చెప్పగలగాలి. ఈ రోజు సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ రెండు స్విచ్‌లూ చూపించండి. ముట్టుకోనివ్వొద్దు, చూపించండి. వాళ్లు మనలా మర్చిపోరు.

సెలవు. నమస్కారం.

గుర్తుంచుకోండి

• మెయిన్ ఆపినా, స్తంభం దగ్గర తీసినా పలకల తీగలో కరెంటు ఉంటుంది.
• ఫోన్ చేసేటప్పుడు "మిద్దె మీద సోలార్ ఉంది" అని తప్పక చెప్పండి.
• ముందు ఏసీ, తర్వాత డీసీ. వీలైతేనే.
• పలకల మీద బకెట్‌తో, గొట్టంతో నీళ్లు పోయొద్దు. కాలిన తీగ, పైపు, పలక ముట్టుకోవద్దు.
• డీసీ స్విచ్ ముందు సామాన్లు పెట్టొద్దు. గుమ్మం దగ్గర బోర్డు రాయించండి.
• మంట ఆరాక కూడా సంస్థ మనిషి వచ్చేదాకా మిద్దె ఎక్కొద్దు.

అగ్నిమాపక సేవ: 101
అత్యవసర సేవ: 112
కరెంటు ఫిర్యాదులు: 1912
పీఎం సూర్యఘర్ హెల్ప్‌లైన్: 15555